పురుగును ఆపే విత్తనం సరే, కలుపు తీసే చేతుల మాటేమిటి?

జన్యుమార్పిడి సోయా సాగుకు మన దేశంలో అనుమతి లేదు. అయినా 2021 ఆగస్టులో దాణా కోసం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి కేంద్రం సరేనంది. పిండి తర్వాత విత్తనం వస్తుందా అన్న చర్చ అప్పటి నుంచీ ఉంది. వస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. గోదావరిఖని దాటి పత్తి చేన్లలోకి దిగితే చాలు.

బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువును ఎక్కించిన ఈ మొక్కను కొరికితే కాయతొలుచు పురుగు చస్తుంది. మొదట్లో మందుల ఖర్చు తగ్గిన మాట నిజమే, కాదంటే ఏ రైతూ మనల్ని నమ్మడు. కానీ గులాబీరంగు పురుగు మొదటి జన్యువుకు అలవాటు పడింది. రెండో జన్యువు కలిపిన బీజీ-2 కూడా కొన్నేళ్లకే దానికి లొంగింది. కాయ లోపల దాక్కునే ఆ పురుగుకు పైన కొట్టే మందు తగలదు.

పంట పోతే ఎవరికి పోతుంది? మన వాడల్లో చాలామంది కౌలుకు చేసేవాళ్లే. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే అందింది. ఓపెన్‌కాస్ట్ కింద భూమి పోయినా పరిహారం కాగితం ఉన్నవాడికే. నష్టం మాత్రం కౌలుదారుది.

అసలు మాట కలుపు దగ్గర ఉంది. అనుమతి లేకున్నా గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనం దొంగచాటుగా ఊళ్లకు చేరింది. ఆ చేనుకు గ్లైఫోసేట్ కొడితే కలుపు కూలి అక్కర్లేదు. ఆ కూలి ఎవరిదో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పాలా? వంగి కలుపు తీసేది ఎక్కువగా మాదిగ, మాల, ఆదివాసీ ఆడవాళ్లు. నడుములు విరిగే ఆ పని పోవద్దని మేం అనడం లేదు. పని పోయిన రోజున ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలో ముందే తేల్చమంటున్నాం. పైగా బొగ్గు గనుల వల్ల సాగు భూమి తగ్గిన చోట వేరే పని దొరకడం తేలిక కాదు. బ్రెజిల్‌లో 2013 నుంచి వేస్తున్న సోయాలో పురుగును ఆపే గుణం, గడ్డిమందును తట్టుకునే గుణం రెండూ ఒకే గింజలో ఉన్నాయి.

జన్యుమార్పిడి ఆవాల కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. అందరినీ సంప్రదించి జాతీయ విధానం తయారు చేయాలన్న విషయంలో మాత్రం ఒక్కటయ్యారు. ఆ సంప్రదింపుల్లో రైతు ప్రతినిధుల పక్కన వ్యవసాయ కూలీ సంఘాలకు, కౌలుదారులకు కుర్చీ వేయాలని దళిత, విద్యార్థి సంఘాలు ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగాలి.