స్టాక్ క్లాస్‌లో గెలవాల్సింది పర్సు కాదు, పానా

ఫోన్ల విషయంలో మనం స్పెక్ షీట్ చూసి కొట్టుకుంటాం. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, అన్‌టుటు స్కోర్ ఎంత అని. కానీ ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు ఫోన్లలో అరగంట గేమ్ ఆడి చూడండి. ఒకటి చల్లగా నడుస్తుంది, ఇంకోటి వేడెక్కి నత్తలా పాకుతుంది. తేడా చిప్‌లో లేదు, దాన్ని వాడుకున్న తీరులో ఉంది. ఎలక్ట్రిక్ ఆర్‌సీ కార్ల రేసింగ్‌లో స్టాక్ క్లాస్ సరిగ్గా ఈ పరీక్షే. అందరికీ ఒకే రకం మోటార్, ఒకే వోల్టేజీ బ్యాటరీ. బాగా సెట్ చేసుకుని, బాగా నడిపినవాళ్లదే గెలుపు.

నా వాదన ఒక్క ముక్కలో చెప్తాను. స్టాక్ క్లాస్ రూల్స్ డబ్బుతో వచ్చే వేగాన్ని ఆపాలి, శ్రద్ధతో వచ్చే వేగాన్ని వదిలేయాలి. ఈ గీత చెరిగిపోతే కొత్తగా వచ్చిన స్టూడెంట్లు రెండు రేసులాడి కారును అటక మీద పెట్టేస్తారు. అప్పుడు మిగిలేది పాత నలుగురే.

శంషాబాద్‌లో నేలే మనది

నేనుండేది శంషాబాద్‌లో. ఇక్కడ గాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకు మొదట వచ్చే కోరిక డ్రోన్. కానీ 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు గ్రీన్ జోన్ అనేదే ఉండదు. రెడ్ లేదా యెల్లో జోన్, అంటే అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు. రూల్ న్యాయమైనదే, పైన దిగేవి మనుషులతో నిండిన విమానాలు. కాబట్టి ఆకాశం మనది కాదు, నేల మనది.

నేలకు మాత్రం ఇక్కడ కొదవ లేదు. కొత్తూరు, తుక్కుగూడ, మహేశ్వరం వైపు ఎన్ని వెంచర్లో చూశారు కదా. బీటీ రోడ్డు వేసి, రాళ్లు పాతి, ఇళ్లు ఇంకా లేవని ఖాళీగా ఉన్న లేఅవుట్లు. ఓనర్నో, వాచ్‌మన్‌నో అడిగి ఓకే అనిపించుకుంటే ఆదివారం పొద్దున నాలుగు కోన్లు పెట్టి ట్రాక్ గీసుకోవచ్చు. సర్వీస్ రోడ్ల మీద, జనం తిరిగే చోట మాత్రం వద్దు. కిలోకి పైగా బరువున్న కారు వేగంగా వచ్చి కాలికి తగిలితే అది బొమ్మ కాదు.

బ్లింకీ: ఆపేసిన సాఫ్ట్‌వేర్

స్టాక్ క్లాస్‌లో ఎక్కువగా కనిపించేది 17.5 టర్న్ బ్రష్‌లెస్ మోటార్. మోటార్ లోపల రాగి తీగ ఎన్ని చుట్లు ఉందో చెప్పే అంకె అది. చుట్లు తగ్గితే మోటార్ వేగంగా తిరుగుతుంది, కరెంటూ ఎక్కువ తాగుతుంది. అందుకే 13.5 దీనికంటే వేగం, 21.5 నెమ్మది. బ్యాటరీ రెండు సెల్స్ ఉన్న లైపో, 7.4 వోల్టులు. ఫుల్ చార్జ్ అయితే 8.4.

ఇక మోటార్‌ను నడిపే స్పీడ్ కంట్రోలర్, మనవాళ్లు ఈఎస్‌సీ అంటారు. 2010 ప్రాంతంలో వీటి ఫర్మ్‌వేర్‌లో బూస్ట్, టర్బో లాంటివి వచ్చాయి. మోటార్ వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ను సాఫ్ట్‌వేరే ముందుకు జరుపుతుంది. దాంతో అదే 17.5 మోటార్ ఒక్కసారిగా పై క్లాస్ మోటార్‌లా ఉరకడం మొదలుపెట్టింది. పేరుకు స్టాక్, లోపల పందెం ఈఎస్‌సీ ధరల మధ్య. దానికి విరుగుడుగా వచ్చిందే బ్లింకీ మోడ్. ఈఎస్‌సీలో టైమింగ్ సున్నా. ఆ మోడ్‌లో ఉందని చెప్పడానికి ఎల్ఈడీ మిణుకుమంటూ ఉంటుంది, పేరు అలా వచ్చిందే. రేసుకు ముందు కారు చెక్ చేసేవాళ్లు లైట్ చూస్తే చాలు, ల్యాప్‌టాప్ పెట్టి కోడ్ చదవక్కర్లేదు.

కోడ్ రాసి జీతం తీసుకునేవాణ్ణే అయినా ఈ రూల్‌కి నా ఓటు. బెంచ్‌మార్క్ యాప్ తెరవగానే బూస్ట్ అయ్యే ఫోన్లను మనం తిడతాం కదా. ఇక్కడ మాత్రం ఎందుకు మెచ్చుకోవాలి?

ఒక్క పన్ను తేడా

సాఫ్ట్‌వేర్ ఆపేశాక ట్యూనింగ్‌కి ఏం మిగిలిందని అడగొచ్చు. అసలు ఇంజినీరింగ్ మొదలయ్యేదే అక్కడ. మొదటిది గేరింగ్. మోటార్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో చెప్పే అంకె ఎఫ్‌డీఆర్, అంటే ఫైనల్ డ్రైవ్ రేషియో. తమియా టీటీ-02 కిట్‌ను తీసుకోండి. పెద్ద గేర్‌కు 70 పళ్లు, మోటార్ మీది పినియన్‌కు 22, కారు లోపలి రేషియో 2.6. 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే 8.27. పినియన్‌ను 21కి మారిస్తే 8.67. ఒక్క పన్ను తగ్గిందంతే, టాప్ స్పీడ్ దాదాపు నాలుగున్నర శాతం పడిపోతుంది. బదులుగా మలుపు నుంచి బయటికి దూకుడు పెరుగుతుంది, మోటార్ చల్లగా ఉంటుంది. పొడుగు స్ట్రెయిట్ ఉన్న ట్రాక్‌కి ఒకటి, మలుపులు ఎక్కువున్న ట్రాక్‌కి ఇంకోటి.

రెండోది వేడి. రేసు అయిదు నిమిషాలే కావచ్చు, మోటార్‌ను కాల్చడానికి అది సరిపోతుంది. దిగగానే టెంపరేచర్ గన్‌తో మోటార్ డబ్బా మీద చూడండి. 80 డిగ్రీలు దాటనివ్వకపోవడం మంచిది, ఎందుకంటే లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. బాగా వేడెక్కిన రోటార్ అయస్కాంతం బలం కోల్పోతుంది, చల్లారినా మొత్తం తిరిగి రాకపోవచ్చు. డిసెంబర్ పొద్దున సూటైన గేరింగ్ మే నెలలో, 40 డిగ్రీల ఎండలో సూటవదు. యూట్యూబ్‌లో విదేశాలవాళ్లు చెప్పిన సెటప్ ఇక్కడ నేరుగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. వాళ్ల రోడ్డు వేరు, మన తారు వేరు.

మోటార్ వెనక మూత తిప్పి టైమింగ్ పెంచుకునే వీలు చాలా మోటార్లకు ఉంటుంది. పెంచితే చుట్లు పెరుగుతాయి, పట్టు తగ్గుతుంది, కరెంటు, వేడి రెండూ పెరుగుతాయి. అందుకే టైమింగ్, పినియన్ రెండూ ఒకేసారి మార్చకండి. దేని వల్ల ఏమైందో తెలీదు. డీబగ్గింగ్ రూలే ఇక్కడా: ఒకసారికి ఒక్క మార్పు, ప్రతిదీ నోట్‌బుక్‌లో.

ఇవన్నీ చేసే ముందు కారును ఎత్తి చక్రాలు చేత్తో తిప్పి చూడండి. బేరింగ్‌లో వెంచర్ దుమ్ము ఇరుక్కున్నా, గేర్లు బిగుసుగా కలిసినా మోటార్ శక్తి అక్కడే ఖర్చవుతుంది. దీనికి కావాల్సింది ఒక పాత టూత్‌బ్రష్, ఓ చుక్క నూనె, ఓపిక.

లెక్క వేసి చూద్దాం

ల్యాప్ 15 సెకన్లు అనుకుంటే అయిదు నిమిషాల్లో 20 ల్యాపులు. ఖరీదైన మోటార్ ల్యాప్‌కి పదో వంతు సెకను మిగిల్చినా రేసు మొత్తం మీద 2 సెకన్లు. ఒక్కసారి కోన్‌కి గుద్ది తిరగబడితే, ఎవరైనా వచ్చి కారును తిప్పి పెట్టేలోపు అంతకన్నా ఎక్కువే పోతుంది. అంటే కొత్తవాళ్లకు అత్యంత చవకైన అప్‌గ్రేడ్ గుద్దకుండా నడపడమే. ఆ మాట ఏ షాపూ చెప్పదు, అమ్మడానికి అందులో ఏమీ లేదు కాబట్టి.

ఒకే సామానుతో రేసంటే పిల్లలాట అనుకుంటే, శంషాబాద్ దాటి సిటీలోకి రండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసులో అన్ని టీములకూ ఛాసిస్, బ్యాటరీ, హాంకూక్ టైర్లు ఒకటే. రేసులో మామూలు పవర్ పరిమితి అందరికీ 300 కిలోవాట్లు, వాడుకోవాల్సిన ఎనర్జీకీ లెక్క ఉంది. డీఎస్ పెన్స్కే డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ మోటార్, సాఫ్ట్‌వేర్ టీముల సొంతం, నిజమే. కానీ అవి కంపెనీల డబ్బుతో నడిచే టీములు. మన దగ్గర ఆ డబ్బు ఇంట్లోంచి రావాలి.

అటువైపు మాట కూడా వినాలి

అన్నీ బిగించేస్తే కొత్తదనం చచ్చిపోతుందని సీనియర్లు కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. మోటార్, ఈఎస్‌సీలతో ప్రయోగాలు చేయాలనుకునేవాళ్లకు చోటు ఉండాలి. ఆ చోటు పేరు మాడిఫైడ్ క్లాస్. ఎంత పెట్టగలిగితే అంత పెట్టి అక్కడ ఆడండి, చూసి చప్పట్లు కొడతాం. స్టాక్ క్లాస్‌ను మాత్రం దానికి వెయిటింగ్ రూమ్ చేయకండి.

మన దగ్గర కొత్తగా రేసులు పెట్టేవాళ్లకు నేను చెప్పేది నాలుగు ముక్కలే. మోటార్ ఒకే మోడల్, టైమింగ్ సీల్ చేసినది. వీలైతే నిర్వాహకులే కొని చీటీలు తీసి పంచాలి, పెద్ద పోటీల్లో కొన్నిచోట్ల ఉన్న పద్ధతే. ఈఎస్‌సీ బ్లింకీలో, బ్యాటరీ 8.4 వోల్టులు దాటకుండా, మల్టీమీటర్‌తో అందరి ముందు చెక్. టైర్లు ఒకే రకం. గేరింగ్, సస్పెన్షన్ మాత్రం వదిలేయాలి. పినియన్ ఖర్చు తక్కువ, నేర్పేది ఎక్కువ.

బయటి ఊళ్లో రేసుకు ఫ్లైట్ ఎక్కేవాళ్లకు ఒక మాట. విడి లైపోలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, క్యాబిన్ బ్యాగ్‌లోనే, టెర్మినల్స్ తగలకుండా టేప్ వేసి. రెండు సెల్స్ 5000 ఎంఏహెచ్ ప్యాక్ అంటే 37 వాట్ అవర్స్, మామూలుగా అనుమతించే 100 కంటే చాలా తక్కువే.

ఇక కొనబోయేవాళ్లకు: మొదటి జీతంలోంచో, పాకెట్ మనీలోంచో కారు కొంటుంటే ఖరీదైన మోటార్ కార్ట్‌లోంచి తీసేయండి. ఆ డబ్బుతో బాల్ బేరింగ్ సెట్, రెండు పినియన్లు, టెంపరేచర్ గన్, మంచి బ్యాలెన్స్ చార్జర్ తీసుకోండి. వచ్చే ఆదివారం ఎవరైనా మిమ్మల్ని దాటేస్తే ఏ మోటార్ వాడారని కాదు, ఎఫ్‌డీఆర్ ఎంత పెట్టారని అడగండి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పే మనుషులున్నంత కాలం ఈ ఆటకు కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు.