లిస్టులో లేని బడి కూలింది.. మరి మన ఊరి హైస్కూల్ సంగతేంటి?

2025 జులై 25.. రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోది గ్రామం. పొద్దున్నే బడికొచ్చిన పిల్లల మీద ప్రభుత్వ పాఠశాల భవనం కుప్పకూలింది. ఏడుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. ఆ తర్వాత అంతా మామూలే. టీచర్ల సస్పెన్షన్, విచారణకు ఆదేశం, పరిహారం ప్రకటన. ఆ మర్నాడే కేంద్ర విద్యాశాఖ అన్ని రాష్ట్రాల్లోనూ బడుల సేఫ్టీ ఆడిట్ చేయాలని చెప్పింది.

కానీ ఈ హడావుడిలో ఒక మాట మాత్రం గుర్తు పెట్టుకోవాలి. శిథిల భవనాలు ఉంటే చెప్పండని జిల్లా యంత్రాంగం ముందే అడిగింది. వచ్చిన జాబితాలో ఈ బడి పేరే లేదు. ఈ విషయం చెప్పింది అధికారులే. అంటే లిస్టు ఉంది, అడిగినవాళ్లున్నారు, పంపినవాళ్లున్నారు. అయినా పిల్లలు పోయారు. మరి లోపం ఎక్కడుంది?

లిస్టు ఎవరు రాస్తారు?

మన జిల్లా పరిషత్ హైస్కూల్ సంగతే తీసుకోండి. భవనం ఎలా ఉందో చెప్పాల్సిన మొదటి మనిషి హెడ్మాస్టర్. ఆయన లెక్కలో, తెలుగో చెప్పుకుంటూ వచ్చిన మాస్టారు. ఇంజినీర్ కాదు. పెచ్చులూడితే కనిపిస్తుంది. స్లాబ్ లోపల ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కనిపించదు. నాలుగు వానలకు నానిన గోడ ఐదో వానకు నిలబడుతుందా లేదా అన్నది చూసి చెప్పగలిగేది ఇంజినీరే.

ఇంకో చిక్కుంది. ఈ గది శిథిలం అని రాస్తే దానికి తాళం వేయాలి. మరి ఆ క్లాసు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? అదనపు గది లేదు. వరండాలో కూర్చోబెడితే వాన జల్లు. చెట్టు కింద పెడితే తల్లిదండ్రులు ఊరుకోరు. అందుకే చాలాసార్లు శిథిలం అని రాయాల్సిన చోట చిన్న రిపేర్ అని రాసే పరిస్థితి వస్తుంది. నిజం రాసినందుకు ఇబ్బంది పడేది రాసినవాడే అయితే, కాగితం మీద బడులన్నీ బాగానే ఉంటాయి.

రిపేర్ చేయిద్దామన్నా చేతిలో డబ్బెంత? సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. ఏడాదికి గరిష్ఠంగా లక్ష రూపాయలు. రోజువారీ ఖర్చులు, చిన్నచిన్న మరమ్మతులు అందులోంచే. దాంతో స్లాబ్ మార్చడం అయ్యే పని కాదు.

రంగులేస్తే భద్రత వచ్చినట్టేనా?

తెలుగు రాష్ట్రాల్లో బడుల మీద ఖర్చు పెట్టలేదని అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో నాడు-నేడు మొదలైంది. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి వచ్చింది. టాయిలెట్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీ, ఫర్నిచర్, రంగులు.. ఇవన్నీ కావాల్సినవే. ముఖ్యంగా ఆడపిల్లలకు టాయిలెట్, ప్రహరీ గోడ రెండూ భద్రత కిందికే వస్తాయి.

అయితే కట్టడం వేరు, ప్లాన్ వేరు. కొత్త గోడ పిల్లల్ని కాపాడుతుంది, నిజమే. మంట లేచినప్పుడు గేటు తాళం ఎవరి జేబులో ఉందో మాత్రం గోడ చెప్పదు కదా!

కోర్టు చెప్పి ఎన్నేళ్లయింది?

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక స్కూల్లో వంటగది నుంచి మంటలు పైనున్న పాక కప్పు గదులకు పాకాయి. 94 మంది చిన్నారులు కాలిపోయారు. ఆ ఘటన మీద నడిచిన కేసులో 2009లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చదువుకునే హక్కులోనే భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు పెట్టాలి, వాటిని వాడటం టీచర్లకు నేర్పాలి, భవనాలను తనిఖీ చేయాలి అని ఆదేశించింది.

2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ స్కూల్ సేఫ్టీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో కేంద్ర విద్యాశాఖ ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ బడుల్లో హెడ్మాస్టర్, టీచర్లతో పాటు విద్యాశాఖ యంత్రాంగానికీ బాధ్యత ఉందని తేల్చింది. కానీ ప్రమాదం జరిగిన ప్రతిసారీ ముందుగా సస్పెండయ్యేది మాత్రం బడిలో ఉన్నవాళ్లే. దీంతో పక్క బడివాళ్లు నేర్చుకునే పాఠం ఏంటంటే.. మన దగ్గర లోపం బయటపడకుండా చూసుకుందాం అని. ఇది భద్రతకు పూర్తిగా రివర్స్.

ప్రమాదం పైకప్పు నుంచే రాదు

2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. 2024 నవంబర్‌లో మన నారాయణపేట జిల్లా మాగనూర్ జడ్పీ హైస్కూల్లో భోజనం చేసిన పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. కొద్ది రోజులకే అదే బడి పిల్లలు మళ్లీ అస్వస్థతకు గురయ్యారు. హైకోర్టు కూడా సీరియస్ అయింది. పిల్లలకు వడ్డించే ముందు టీచర్ రుచి చూడాలన్న రూల్ ఎప్పటి నుంచో ఉంది. రోజూ ఎవరు చూస్తున్నారు, ఎక్కడ రాస్తున్నారు? అసలు ప్రశ్న ఇదీ.

హైస్కూల్ అంటే ఆరు నుంచి పది దాకా. ఎదిగే వయసు పిల్లలు. సైన్స్ ల్యాబ్‌లో యాసిడ్ ఉంటుంది. పక్క ఊళ్ల నుంచి ఆడపిల్లలు నడిచో, ఆటోలోనో వస్తారు. వేధింపు జరిగిందని తెలిసీ చెప్పకపోతే పోక్సో చట్టం ప్రకారం నేరం. సంస్థ బాధ్యుడే దాస్తే ఏడాది వరకు జైలు. మరి ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? 1098 నంబర్ గోడ మీద రాసి ఉంటే సరిపోదు. నమ్మకంగా వినే ఒక టీచర్ ఎవరన్నది పిల్లలకు తెలిసి ఉండాలి.

అసలు ప్లాన్ అంటే ఏంటి?

యాభై పేజీల ఫైల్ అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. ప్రమాదం వస్తే గంట ఎవరు కొడతారు? ఏ క్లాసు ఏ మెట్ల మీదుగా దిగాలి? ఎక్కడ గుమిగూడాలి? హాజరు పట్టీ ఎవరు తెస్తారు? 108కి, 101కి ఫోన్ ఎవరు చేస్తారు? హెడ్మాస్టర్ ట్రైనింగ్‌కో, ఎన్నికల డ్యూటీకో వెళ్తే ఆ రోజు బాధ్యత ఎవరిది? నడవలేని పిల్లాడిని ఎవరు ఎత్తుకుని రావాలి? ఈ ప్రశ్నలకు పేర్లతో సహా జవాబుంటే అది ప్లాన్. దాన్ని ఏడాదికి రెండుసార్లయినా చేసి చూస్తే, అప్పుడు తెలుస్తుంది మెట్ల దగ్గర గ్రిల్‌కు తాళం ఉందని, గంట చివరి గదికి వినబడట్లేదని.

చేయాలనుకుంటే అవుతుంది.. ఇదిగో సాక్ష్యం

2014 జులైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో స్కూల్ బస్సును రైలు ఢీకొట్టింది. ఆ గాయం మనం మర్చిపోలేదు. ఆ తర్వాత రైల్వే క్రాసింగ్‌లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి మూసుకుంటూ వచ్చింది. 2019 మొదలయ్యేసరికి బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేనివి దాదాపు లేకుండా పోయాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో నిజమైన లెక్క, గడువు, డబ్బు.. ఈ మూడూ కలిస్తే పని జరిగింది. బడులకూ కావాల్సింది అదే. ఇంజినీర్ సంతకంతో లిస్టు, ఆ లిస్టు ఊరందరికీ కనిపించేలా నోటీస్ బోర్డు మీద, మూసేసిన గదికి బదులు గది ఎప్పటికొస్తుందో తేదీ.

ఏపీలో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరుగుతున్నాయి. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి. అక్కడ మార్కుల గురించి అడగండి, తప్పులేదు. దాంతో పాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. మా బడిని ఇంజినీర్ చివరిసారి ఎప్పుడు చూశారు? మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు? ఈ రోజు అన్నం ముందు రుచి చూసిందెవరు?

జవాబు చెప్పలేకపోతే మాస్టారితో గొడవ పడొద్దు. ఆ ప్రశ్నల్నే కాగితం మీద రాసి, ఆయనతో కలిసి ఎంఈవోకు, డీఈవోకు ఇవ్వండి. నిజం రాసిన హెడ్మాస్టర్‌కు ఊరు తోడుంటే, వచ్చేసారి ఆ లిస్టులో పేరు తప్పిపోదు.