తోడేలు ఆకలి ఎవరిది?

మా కళాశాల గ్రంథాలయం నుంచి ఒక పుస్తకాన్ని తీసివేయాలని నిరుడు నలుగురు అధ్యాపకులు విన్నపం రాసి సంతకాలు చేశారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. పుస్తకం పేరు 'జగ్‌హెడ్: ది హంగర్'. అమెరికా ఆర్చీ బొమ్మల కథలలో ఎప్పుడూ తింటూ వుండే జగ్‌హెడ్ అనే కుర్రవాడు ఇందులో రాత్రిపూట తోడేలు మనిషిగా మారి సొంత వూరివాళ్లనే చంపుతాడు. పుస్తకం బీరువాలోంచి వెళ్లిపోయిన మూడో రోజున ఒక విద్యార్థిని నా గదికి వచ్చి ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "మీరు చదివే సంతకం పెట్టారా సార్?"

చదవలేదు. అట్ట మీది బొమ్మ చూశాను, అంతే.

తరువాత చదివాను. ఈలోగా ఆ అమ్మాయి మా అధ్యయన వేదికలో ఒక వ్యాసం చదివింది. మధ్యతరగతి అమెరికా ముఖం మీది నవ్వును చించివేసి లోపలి కోరలను చూపిన విప్లవాత్మక రచన ఇదేనని ఆమె సిద్ధాంతం. నా సహాధ్యాపకుల వాదన దీనికి పూర్తిగా ఎదురు: ఆరోగ్యకరమైన హాస్యాన్ని క్షీణ సంస్కృతి కాటు వేసిందనీ, పిల్లల మనసులను కాపాడుకోవాలనీ వారంటారు. ఈ రెండు వాదాలూ తప్పని నా అభిప్రాయం. మొదటి తప్పులో నాకూ భాగం వుంది గనుక దానితోనే మొదలు పెడతాను.

ఆర్చీ కథల ఆరోగ్యం ఎటువంటిదో చూద్దాం. ఆర్చీ, బెట్టీ, జగ్‌హెడ్‌లు మొదటిసారి కనిపించింది 'పెప్ కామిక్స్' 22వ సంచికలో, 1941 డిసెంబరు తేదీతో. బొమ్మలు వేసిన బాబ్ మోంటానా మసాచుసెట్స్ రాష్ట్రంలోని హేవర్‌హిల్ వూళ్లో హైస్కూలు చదివాడు. ఆ జ్ఞాపకాలెన్నో రివర్‌డేల్ అనే కల్పిత పట్టణంలో చేరాయి. హేవర్‌హిల్ అంటే ఏమిటి? అది చెప్పుల కార్ఖానాల వూరు. 1898లో జాన్ చేజ్ అనే చెప్పుల కార్మికుణ్ణి సోషలిస్టు అభ్యర్థిగా మేయరు పదవికి ఎన్నుకొన్న వూరు. మరి రివర్‌డేల్‌లో కార్ఖానా ఎక్కడ? బడి వుంది, సముద్రపు ఒడ్డు వుంది, పాప్ టేట్ ఫలహారశాల వుంది, కోటీశ్వరుడు లాడ్జ్ బంగళా వుంది. ఆ కోట్లు ఎవరి చెమటలోంచి పుట్టాయో చెప్పే వీధి మాత్రం లేదు. జగ్‌హెడ్ నెత్తిమీది కిరీటం లాంటి టోపీని చూడండి. తండ్రి వాడి పారేసిన ఫెల్టు టోపీ అంచును కత్తిరించి, పైకి మడిచి, ఆనాటి కుర్రవాళ్లూ మెకానిక్కులూ పెట్టుకొనే టోపీ అది. కార్మికుల టోపీ మిగిలింది, కార్మికుడు మాయమయ్యాడు. దీన్నే మనం నిర్మలమైన హాస్యం అంటున్నాం.

ఈ నిర్మలత్వానికి కాపలా ఎలా ఏర్పడిందో ఇంకా ముఖ్యం. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తామ్ అనే మనోవైద్యుడు బొమ్మల కథలు పిల్లలను నేరస్థులను చేస్తున్నాయని ఒక పుస్తకం రాశాడు. ఆ ఏప్రిల్‌లో సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. భయానక కథలకు పేరుపడ్డ ఇ.సి. సంస్థ యజమాని విలియం గెయిన్స్ ఆ సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. దరిమిలా ప్రచురణకర్తలు తామే ఒక సంఘం పెట్టుకొని 'కామిక్స్ కోడ్' అనే నియమావళి తెచ్చారు. తోడేలు మనుషులు, రక్తపిశాచాలు, నడిచే శవాలు కూడదన్నారు. 'హారర్' అనే మాట పేరులోనే వుండరాదన్నారు. వీటి పక్కనే ఇంకొక నియమం వుంది: పోలీసుల మీద, న్యాయమూర్తుల మీద, ప్రభుత్వాధికారుల మీద అగౌరవం కలిగేటట్లు బొమ్మ వేయరాదు! తోడేలును తరిమే నెపంతో ఎవరికి రక్షణ ఇచ్చారో పాఠకులే గ్రహించగలరు.

ఆ సంఘానికి తొలి అధ్యక్షుడు జాన్ గోల్డ్‌వాటర్. ఆర్చీ కంపెనీ స్థాపకులు ముగ్గురిలో ఒకడు. అదే సంవత్సరం ఇ.సి. వారి 'మ్యాడ్' పత్రిక 12వ సంచికలో 'స్టార్చీ' పేరుతో ఆర్చీని ఎగతాళి చేసి, రివర్‌డేల్ బుద్ధిమంతులను రౌడీలుగా చూపించింది. అంటే ఆర్చీకి చీకటి ముఖం తగిలించటం ఈనాటి ఆవిష్కరణ కాదు. కోడ్ వచ్చాక ఇ.సి. పని అయిపోయింది. 1956 నాటికి 'మ్యాడ్' తప్ప మిగిలిన బొమ్మల పత్రికలన్నీ మూతపడ్డాయి. మూతపడే ముందు అది పునర్ముద్రించిన కథ 'జడ్జ్‌మెంట్ డే'. రంగును బట్టి మరమనుషులను వేరుచేసే ఒక గ్రహానికి భూమి నుంచి పరిశీలకుడు వెళతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతడు నల్లజాతి మనిషి. కోడ్ అధికారి అభ్యంతరం ఆ మనిషి రంగు మీదే. గెయిన్స్ ఒప్పుకోలేదు, కథ ఉన్నదున్నట్లు అచ్చయింది. పిల్లలను కాపాడే నిషేధం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడండి. ఇ.సి. అచ్చు వేసిన ప్రతి కథా ఆణిముత్యమని నేననను, అందులో చవకబారు సరుకు బోలెడు. కాని ఆ చవకబారు సరుకుతో పాటు వొక నిజం కూడా గొంతు నులిమించుకొంది.

ఇక్కడ మనవాళ్లను మనం క్షమించుకోకూడదు. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో అమెరికా భయానక బొమ్మల కథలకు వ్యతిరేకంగా ఉద్యమం జరిగింది. దాని ముందువరుసలో అక్కడి కమ్యూనిస్టులున్నారు. డాలరు సంస్కృతిని ఎదిరిస్తున్నామన్నది వారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని 1955లో వచ్చిన చట్టం డాలరును ఆపలేదు. ఏ పుస్తకం చదవవచ్చో తేల్చే అధికారాన్ని పోలీసుకూ మేజిస్ట్రేటుకూ అప్పగించింది. అట్ట చూసి సంతకం పెట్టిన నేను ఆ తప్పునే అరవై ఏళ్లకు పైగా గడిచాక తిరిగి చేశాను. వారికి కనీసం అనుభవం లేదు. నాకు ఆ చరిత్ర తెలుసు.

కోడ్ తరువాతి కథ వ్యాపారానికి పాఠం. 1971లో నియమాలు సడలి, సంప్రదాయ పద్ధతిలోనైతే తోడేలు మనిషి రావచ్చునన్నారు. మరుసటి ఏడే మార్వెల్ కంపెనీ 'వేర్‌వుల్ఫ్ బై నైట్'ను బజారులో పెట్టింది. 2011లో ఆర్చీ కంపెనీ కూడా కోడ్‌ను వదిలేయటంతో అది కన్నుమూసింది. 2013లో అదే కంపెనీ 'ఆఫ్టర్‌లైఫ్ విత్ ఆర్చీ' తెచ్చింది. అందులో నడిచే శవాల రోగం అంటించేది జగ్‌హెడ్ పెంపుడు కుక్కే. 2017లో ఫ్రాంక్ టియెరి రచనగా తోడేలు జగ్‌హెడ్ వచ్చాడు, 2018లో వెరోనికా రక్తపిశాచి అయింది. 'ఆఫ్టర్‌లైఫ్' రాసిన రాబర్టో అగీరె-సకాసా 2003లో ఆర్చీ మీద నాటకం రాస్తే, ఆపమని ఆ కంపెనీయే నోటీసు ఇచ్చింది. 2014లో అతన్నే తన సృజన విభాగానికి అధిపతిని చేసుకొంది. హృదయ పరివర్తన అనుకొనే అమాయకులు వుంటే వుండవచ్చు. పవిత్రతకు గిరాకీ వున్నంత కాలం పవిత్రతను అమ్మారు. ఆ గిరాకీ తగ్గాక అపవిత్రతను అమ్ముతున్నారు. కొట్టు మారలేదు, బోర్డు మారింది.

ఇప్పుడు ఆ విద్యార్థిని వాదానికి వస్తాను. పుస్తకంలో బలం లేదని నేను అనను. ఒకే బల్ల మీద తిన్న స్నేహితుడి ఆకలికి భయపడవలసి రావటం, ప్రాణమిత్రుణ్ణి వేటాడవలసి రావటం, ఇవి చదువుతుంటే మనసును తాకుతాయి. కాని ముసుగు తొలగించటం అంటే లోపలి నిజం చూపించటం. ఈ పుస్తకం చూపించిన నిజం ఏమిటి? జగ్‌హెడ్ ఎందుకు అంత తింటాడు? ఎనభై ఏళ్లుగా హాస్యంగా చెల్లిన ప్రశ్న ఇది. దీనికి జవాబు వంశం. జోన్స్ కుటుంబం రక్తంలో తోడేలుతనం వుందట. అతన్ని వేటాడే బెట్టీ ఎవరు? తరతరాలుగా తోడేళ్లను చంపే కూపర్ల వంశంలో పుట్టినది. ఒకరు పుట్టుకతో మృగం, ఒకరు పుట్టుకతో వేటకత్తె! రక్తం గుణాన్ని నిర్ణయిస్తుందనే మాటను కులం పేరుతో వేల ఏళ్లు విన్నవాళ్లం మనం. అది ఇంగ్లీషులో రంగుల అట్ట వేసుకొని వచ్చేసరికి విప్లవం అనుకోవటం ఎలా?

తోడేలు మనిషి కథ ఎప్పుడూ ఇంత గుడ్డిగా లేదు. ఆర్చీ పుట్టిన 1941 డిసెంబరులోనే 'ది వుల్ఫ్ మ్యాన్' చిత్రం విడుదలయింది. రాసినవాడు కర్ట్ సియోడ్‌మాక్, నాజీల జర్మనీని వదిలి వచ్చిన యూదు. ఆ చిత్రంలో తరువాత చావబోయేవారి అరచేతిలో తోడేలు మనిషికి నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. యూదుల బట్టల మీద నక్షత్రం కుట్టించిన కాలం అది. ఆ గుర్తును ఆ నక్షత్రంతో కలిపి చదివిన విమర్శకులున్నారు. 1957 నాటి చవక చిత్రం 'ఐ వాజ్ ఎ టీనేజ్ వేర్‌వుల్ఫ్'లోనైనా, కోపిష్ఠి విద్యార్థిని తోడేలుగా మార్చేది పుట్టుక కాదు, బాగు చేస్తానని నమ్మించి అతని మీద ప్రయోగం చేసిన డాక్టరు. ఆ చవక చిత్రానికి మృగాన్ని తయారు చేసినవాడెవడని అడగాలని తోచింది. ఖరీదైన కాగితం మీద అచ్చయిన మన పుస్తకానికి తోచలేదు.

తెలుగు చదువుకొన్నవాణ్ణి గనుక నాకు ఇక్కడ భీముడు గుర్తుకు వస్తాడు. అతనికి వృకోదరుడని పేరు. తోడేలు కడుపువాడు అని అర్థం. ఏకచక్రపురం కథ మనందరికీ తెలిసినదే. బండెడు అన్నం, రెండు దున్నలు, ఇంటికొకరు చొప్పున మనిషి: ఇది బకాసురుడితో వూరు చేసుకొన్న ఒప్పందం. ఆ కథలో అసలైన భయానకం రాక్షసుడి కోరలు కాదు, వూరంతా వంతులు వేసుకొని దానికి అలవాటు పడటం. తోడేలు కడుపున్నవాడు వెళ్లి, రాక్షసుడు చూస్తుండగానే వాడి అన్నం తిని, తరువాత వాణ్ణి చంపాడు. పురాణమే అయినా, తినేవాడి ఆకలికీ మనుషులను తినేవాడి ఆకలికీ తేడా దానికి తెలుసు. 'ది హంగర్'కు ఆ తేడా తెలియదు. ఆకలిగొన్నవాడే మృగం అని తేల్చి, లాడ్జ్ బంగళా గేటు దాకా వెళ్లకుండానే వెనుదిరిగింది.

మరొక విచిత్రం. 2023లో జోయా అఖ్తర్ తీసిన హిందీ చిత్రం 'ది ఆర్చీస్' 1964 నాటి ఆంగ్లో ఇండియన్ల కొండవూరిలో జరుగుతుంది. తీయని పాటల సినిమా అది. ఐనా అందులో లాడ్జ్ వూరి పార్కు స్థలంలో హోటలు కట్టబోతే పిల్లలు అడ్డుకొంటారు. భూమి ఎవరిదనే ప్రశ్న తీపి సినిమాలో వుంది, నెత్తురోడే పుస్తకంలో లేదు. కాబట్టి నెత్తురు ఎంత కారింది అనేది విప్లవానికి కొలబద్ద కాదు.

నిజమైన తోడేలు ఆకలి ఎక్కడ వుందో మార్క్స్ 1867లోనే చెప్పాడు. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించిన అధ్యాయంలో, అదనపు శ్రమ కోసం పెట్టుబడి పడే ఆబను తోడేలు మనిషి ఆకలితో పోల్చాడు. అది అలంకారం కోసం వేసిన అలంకారం కాదు. ఎనిమిదేళ్లు నిండకముందే కుండల కార్ఖానాలో పనికి కుదిరిన పిల్లవాడి సాక్ష్యం ఆ అధ్యాయంలోనే వుంది. ఆ ఆకలిని చూడటానికి రివర్‌డేల్ దాటనక్కరలేదు. డాన్ డికార్లో అనే చిత్రకారుడు నలభై ఏళ్లకు పైగా ఆర్చీ కంపెనీకి బొమ్మలు వేశాడు. బెట్టీ, వెరోనికాలకు లోకం గుర్తుపట్టే రూపం అతనిది. 'జోసీ' పాత్రకు తన భార్య పేరు పెట్టుకొన్నాడు. ఆ పాత్ర సినిమాగా మారి డబ్బు తెస్తున్న వేళ హక్కు కోసం దావా వేశాడు. కంపెనీ పని మాన్పించింది. కోర్టులో ఓడిపోయాడు. 2001 డిసెంబరులో చనిపోయాడు. మనిషి జీవితాన్ని నలభై ఏళ్లు తిని, ఎముకలు బయట పారేసిన మృగం ఏదో ఇప్పుడు చెప్పండి. దానికి వెన్నెల రాత్రి అక్కరలేదు, పట్టపగలే కాగితాల మీద పని చేస్తుంది.

"భయానక కథ కరపత్రంలా వుండాలా సార్?" అని ఆ అమ్మాయి అడుగుతుందని నాకు తెలుసు. అక్కరలేదు. లాడ్జ్‌ను తోడేలుగా, జగ్‌హెడ్‌ను వీరుడిగా మార్చి రాస్తే అది కూడా పేలవమైన కథే అవుతుంది. నేను అడిగేది చిన్న విషయం. భయపెట్టే రచయిత భయానికి మూలం వరకు వెళ్లాలి. వంశం దగ్గర ఆగిపోతే అది భయం కాదు, విధి. విధిని నమ్మించే సాహిత్యం కిరీటం టోపీ పెట్టుకొన్నా, కోరలు పెట్టుకొన్నా, మనకు కొత్తది కాదు.

అందుచేత రెండు పనులు చేశాను. నా సంతకాన్ని వెనక్కు తీసుకొంటున్నానని గ్రంథాలయ సంఘానికి రాశాను. పుస్తకాన్ని తిరిగి బీరువాలో పెట్టమన్నాను. ఇంకా జవాబు రాలేదు. మిగిలిన ముగ్గురూ నాతో మాట్లాడటం తగ్గించారు. రెండవ పని ఈ వ్యాసం. దీన్ని ముందుగా ఆ విద్యార్థినికే ఇచ్చాను. చాలాచోట్ల అంచుల మీద ప్రశ్నార్థకాలు పెట్టి తిరిగి ఇచ్చింది. తప్పుడు పుస్తకాన్ని ఓడించవలసింది బీరువా తాళంతో కాదు, ఆ ప్రశ్నార్థకాలతో. అధ్యాపక మిత్రులారా, సంతకం పెట్టే ముందు చదవండి. విద్యార్థి మిత్రులారా, చప్పట్లు కొట్టే ముందు ఆ ఆకలి ఎవరిదో అడగండి.