నూనె మరకకి పెట్రోలు వైద్యమా?

ఆవకాయ జాడీ నుంచి నాలుగు చుక్కలు బొంత మీద ఒలికాయనుకోండి. తెనాలి పిన్నిగారు పెట్రోలుతో తుడవమంటారు. బాపట్ల వదినగారు కిరసనాయిలంటారు. రేపల్లె అత్తయ్యగారు బ్లీచింగు పౌడరుకి ఓటేస్తారు. ముగ్గురూ మన మేలు కోరేవాళ్ళే. అయినా ముగ్గురి మాటా వినకండనే నేనంటాను.

పెట్రోలు నూనెను కరిగించే మాట నిజమే. కానీ దాని ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి వంటింట్లో స్టవ్వుదాకా పోతుంది, మంటను వెంటబెట్టుకుని పెరట్లో రుద్దుతున్న మనిషి దగ్గరికి తిరిగొస్తుంది. కిరసనాయిలు అంత తొందరగా అంటుకోదు గానీ నూలుగుడ్డలో నిలిచిపోతుంది. దీపం వత్తి ఏమిటి, నూలేగా? అయిదారు పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఎంత వత్తో మీరే ఆలోచించండి! మరక కోసం ఒళ్ళు కాల్చుకోమనే సలహా కూడా ఒక సలహానా?

అసలు ఇంత తెగింపు ఎందుకొస్తుందో తెలుసా? మరకకి కాదు, మాటకి భయపడి. తలనిండా నూనె పట్టించుకుని బొంత మీద వాలేది ఇంటాయన. చుట్టాలొచ్చినప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసింది ఇంటావిడ. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

బ్లీచింగు పౌడరు సంగతి ఇంకా విడ్డూరం. దానికి చీర రంగే లొంగుతుంది, నూనె లొంగదు. పైగా దారం నీరసించి బొంత చిరుగులు పడుతుంది. సబ్బు తగలగానే ఆవకాయ మరక ఎర్రబడితే మనవాళ్ళు బెదిరిపోయి ఆ పౌడరు డబ్బా అందుకుంటారు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతులు కావూ మనవి! సబ్బులో క్షారం తగిలి పసుపు ఎర్రనైంది, అంతే. బాగా జాడిస్తే మళ్ళీ పచ్చనవుతుంది. ఆ పచ్చదనాన్ని నాలుగు రోజుల ఎండ తినేస్తుంది.

నీళ్ళు తగలకముందే మరక మీద ముఖానికి రాసుకునే పౌడరో, బియ్యప్పిండో దట్టంగా చల్లి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున దులిపి, గిన్నెలు తోమే ద్రవం సబ్బు నీళ్ళు కలపకుండా వేళ్ళతో అద్ది, అరగంట ఆగి గోరువెచ్చని నీళ్ళతో ఉతకండి. నూనె లోపలి పొరకి దిగితే ఆ మూల కుట్లు విప్పి పొర పొరా ఉతికి మళ్ళీ కుట్టుకోవాలి. పాత నూనె గాలి తగిలి బంకలా గట్టిపడుతుంది కనక రెండు మూడు వాయిలు తప్పవు. మరక పోకుండా ఇస్త్రీ పెట్టెమాత్రం తగలనివ్వకండి.

బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు దాపున చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పన. బట్టలసబ్బు నురగ రాక తెట్టులా విరిగి, ఉన్న మరకకి తోడు మరో మరక వేస్తుంది. బకెట్టులో చెంచాడు బట్టలసోడా ముందు కలపండి. చౌడు మట్టితో వుతికిన పాతకాలపు చాకలివారికి తెలిసిన కిటుకే ఇది. ఆ మట్టిలో ఉన్నదీ సోడాయే. ఆ తెలివికి మనం ఏనాడూ ఒక్క మెచ్చుకోలు మాట అన్న పాపాన పోలేదు, అది వేరే కథ!

ఇంత చేశాక కూడా లీలగా ఛాయ మిగిలిందా? ఆ వైపు కిందికి వేసి హాయిగా పడుకోండి.