కారుకి తేదీ ఉంది, మనకేదీ?

పోయిన నెల ఒకే వారంలో మా ఇంట్లో మూడు చెడిపోయాయి. సోమవారం బోరు మోటారు, బుధవారం కారు బ్యాటరీ, శుక్రవారం నేను.

మోటారు ఆగిందనగానే ఇల్లంతా ఉలిక్కిపడింది. మా ఆయన ఆఫీసు నుంచే నాలుగు ఫోన్లు చేశారు. సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చి స్టార్టరు డబ్బాలో కెపాసిటర్ మార్చి వెళ్లాడు. బుధవారం పొద్దున కారు తాళం తిప్పితే టిక్కు టిక్కుమనడమే తప్ప కదల్లేదు. ఎదురింటివాళ్ల కారు పక్కన పెట్టి, కేబుళ్లు తగిలించి ఎలాగో స్టార్ట్ చేశారు. "నాలుగేళ్లు వచ్చింది, ఇంకెంత వస్తుందిలే" అంటూ మా ఆయన ఆ పూట సెలవు పెట్టి కొత్త బ్యాటరీ వేయించుకొచ్చారు. ఆ బ్యాటరీతో ఎవరూ "కాస్త ఓర్చుకో, పండగయ్యాక చూద్దాం" అనలేదు.

శుక్రవారం ఉతికిన బట్టల బకెట్టుతో మేడమెట్లు ఎక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మి మధ్యలోనే కూలబడ్డాను. కాసేపు అక్కడే కూర్చుని, లేచి, బట్టలు ఆరేసి, కిందికొచ్చి పప్పుకి పోపు పెట్టాను. ఆ సంగతి రాత్రి అందరి భోజనాలూ అయ్యాక చెప్పాను.

నిజానికి నేను శుక్రవారం చెడిపోలేదు. ఏడాదిగా చెడిపోతూనే ఉన్నాను. నెలసరి తొమ్మిది పది రోజులు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బియ్యం డబ్బా మూత తీస్తే గుప్పెడు నోట్లో వేసుకోవాల్సిందే. చిన్నప్పటి అలవాటు మళ్లీ వచ్చిందనుకున్నాను. అలా పచ్చిబియ్యం తినాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు కావచ్చని డాక్టరమ్మ చెబితేగానీ తెలియలేదు. హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత, 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. స్కాన్‌లో గర్భసంచిలో గడ్డ కనిపించింది. భయపడాల్సిన రకం కాదు, మందులతో చూద్దామన్నారు.

ఇంటికొచ్చాక అందరిదీ ఒకటే మాట. "ముందే చెప్పొచ్చు కదా!"

నా గొడవంతా ఈ మాటతోనే. చెప్పలేదా నేను? నీరసంగా ఉంటోందని మా అత్తగారితో అంటే "ఈ వయసులో మామూలేనమ్మా, మాకూ అయ్యాయి" అన్నారు. మా ఆయనతో అంటే "రెస్టు తీసుకో" అన్నారు. ఆ రెస్టు ఏ గంట నుంచి ఏ గంట దాకా, అప్పుడు పొయ్యి దగ్గర ఎవరుంటారు అన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అదే అసలు చిక్కు. చెడ్డవాళ్లయితే పోట్లాడొచ్చు.

అయినా కారు చెప్పిందా? పది వేల కిలోమీటర్లో, ఏడాదో, ఏది ముందైతే అప్పుడు సర్వీసింగ్ అని దానికో లెక్క ఉంది. ఇన్సూరెన్సుకి తేదీ ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి తేదీ ఉంది. గ్యాస్ పొయ్యి రబ్బరు ట్యూబుకి కూడా అయిదేళ్లకోసారి మార్చాలని గడువుంది. ఇవన్నీ మా ఇంట్లో ఎవరికి గుర్తుంటాయనుకున్నారు? నాకే. సర్వీసింగుకి ఫోన్ చేసేది నేను, క్యాలెండర్లో సున్నా చుట్టేది నేను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరి అమ్మ ఎవర్ని అడగాలి?

ఇది నా ఒక్కదాని మతిమరుపు అయితే ఇంత రాసేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 57 శాతం అయితే మగవాళ్లలో 25 శాతం. ఒకే పొయ్యి, ఒకే అన్నం గిన్నె. నెలసరులు, కాన్పులు ఉంటాయి కాబట్టి మన ఒంట్లో రక్తం తగ్గడం ప్రకృతి అంటారా, సరే. తగ్గుతుందని తెలిసీ నింపుకోకపోవడం మాత్రం ప్రకృతి కాదు.

"మా కాలంలో ఈ పరీక్షలన్నీ ఉన్నాయా" అంటారు పెద్దవాళ్లు. ఉన్నాయో లేదో గానీ, మా అత్తగారికి నలభై నిండకుండానే గర్భసంచి తీసేశారు. ఆవిడ తోడికోడలికీ అంతే. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. మొదట్లో ఎవరికీ చూపించుకోం. తట్టుకోలేక వెళ్లేసరికి "తీసేస్తే పీడా పోతుంది" అంటే తలూపేస్తాం. ఇంజిన్ ఆయిల్ మార్చకుండా నడిపి, చివరికి ఇంజినే తీసి పారేసినట్టు.

"మీకెంత ఓపికండీ!" అనే మెచ్చుకోలు మీద కూడా నాకు కోపమే. ఓర్పులో భూదేవి అంటారు. ఆ పొగడ్తకి ఖర్చేమీ ఉండదు. డాక్టరు ఫీజుకి ఉంటుంది, ఒక పూట సెలవుకి ఉంటుంది. అందుకే పొగడ్త తేలిగ్గా దొరుకుతుంది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇంటి పని చేసే మనిషి విలువ సంపాదించే మనిషి కంటే తక్కువేమీ కాదంది. చదివి సంతోషించాను. కానీ ఆ లెక్క ఆమె పోయాక కదా కట్టారు! మనం ఉండగానే ఇంట్లో వాళ్లు కడితే ఎంత బాగుండు.

తప్పు మనలోనూ ఉంది. ఇంట్లో మనమొక వస్తువు పాడైతే పరుగెత్తుతాం, మన ఒళ్లు పాడైతే దాచుకుంటాం. పైగా అదో గొప్పగా చెప్పుకుంటాం. "జ్వరంతోనే పాతిక మందికి వండాను" అని నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఇక చెప్పుకోను. అది గొప్ప కాదు, బుద్ధితక్కువ.

మా ఇంట్లో ఇప్పుడొక ఏర్పాటు చేశాను. కారు సర్వీసింగు నెలలోనే నాకూ మా అత్తగారికీ రక్తపరీక్ష. ఆ తేదీ గుర్తుపెట్టుకోవడం, సెలవు పెట్టి తీసుకెళ్లడం మా ఆయన పని. క్యాలెండర్లో ఆయన చేతే రాయించాను. మర్చిపోతే నేను గుర్తుచేయను. కారు తేదీ కూడా గుర్తుచేయను.

మీరూ ఈ వారమే పరీక్ష చేయించుకోండి. డబ్బు ఇబ్బందయితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ ఉచితంగానే చూస్తారు. ఐరన్ మాత్ర ఇస్తే మాత్రం పొద్దున్నే కాఫీతో మింగకండి. కాఫీ, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే మంచిది. నేను మొదటి వారం కాఫీతోనే మింగాను. అంత ఖర్చుపెట్టి తెచ్చుకున్న మందుని కూడా, వంట హడావిడిలో, ఎలా వేసుకోవాలో అడగకుండానే!

మేడమెట్లు మాత్రం నెమ్మదిగానే ఎక్కుతున్నాను. బకెట్టు మావాడు మోస్తున్నాడు.