పలకరింపుకి ఎవరూ రాని దుఃఖం

ఇంట్లో మనిషి పోతే బంధువులూ, వీధిలోవాళ్ళూ పలకరింపుకి వస్తారు. పక్కింటావిడ ఫ్లాస్కులో కాఫీ, క్యారియర్‌లో భోజనం పంపిస్తుంది. పదోరోజు దాకా ఏదో ఒక పని, ఎవరో ఒక మనిషి ఉండనే ఉంటారు. అదే, పన్నెండేళ్ళపాటు మన గుమ్మంలో పడుకుని, మన చేతి పెరుగన్నం తిని పెరిగిన కుక్క పోతే? మైలా లేదు, పదోరోజూ లేదు. "అయ్యో, పోయిందా? పోన్లెండి, ఇంకోటి తెచ్చుకోండి" అనేసి వేరే మాటల్లో పడిపోతారు.

ఈ దెబ్బ ఇంట్లో అందరికంటే ఇల్లాలికే ఎక్కువ తగులుతుంది. ముచ్చటపడి కుక్కపిల్లని తెచ్చేది పిల్లలు, పెంచేది తల్లి. అందరూ స్కూళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళిపోయాక పగలంతా ఇంట్లో మిగిలేది మీరూ, అదీ. కుక్కరు మూత చప్పుడైతే చాలు, వంటింటి గడప దగ్గర హాజరు! అది పోయిన మర్నాడు కూడా చెయ్యి అలవాటుకొద్దీ గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేస్తుంది. గట్టిగా ఏడిస్తే నవ్విపోతారేమోనని ఉల్లిపాయలు తరిగే వేళ చూసుకుని ఏడ్చే ఇల్లాళ్ళు ఉన్నారంటే నమ్మండి.

అలాంటి రోజుల్లో మిమ్మల్ని పలకరించడానికి నేను పంపించేది పుస్తకాన్ని. పుస్తకం చదివితే దుఃఖం పోతుందని చెప్పను. కానీ అది "కుక్కే కదా" అనదు. మీ పక్కన కూర్చుని, నీలాంటివాళ్ళు ఇదివరకూ ఉన్నారమ్మా అంటుంది. అప్పటికి ఆ మాట చాలు.

ముందు మన భారతమే తీసుకోండి. ఆదిపర్వంలో సరమ కథ ఉంది. ఆమె దేవతల కుక్క. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆమె బిడ్డ వెడితే, రాజుగారి తమ్ముళ్ళు ఊరికే కొట్టి తరిమేస్తారు. సరమ తిన్నగా రాజు దగ్గరికే వెళ్ళి, నా బిడ్డ ఏం తప్పు చేసిందని కొట్టారని నిలదీస్తుంది. చివర్న మహాప్రస్థానిక పర్వానికి రండి. ద్రౌపదీ, నలుగురు తమ్ముళ్ళూ దారిలో ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక్క కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, స్వర్గంలో కుక్కకి చోటు లేదు, దాన్ని వదిలి రమ్మంటాడు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేసి వచ్చే స్వర్గం నాకొద్దంటాడు ధర్మరాజు. ఆ కుక్క సాక్షాత్తూ ధర్మదేవతే అని తర్వాతగానీ తెలియదు. ఆ మాట అన్నప్పుడు ఆయనకి అది వట్టి కుక్కే! "జంతువు కోసం ఇంత ఏడుపేమిటి" అని ఇంట్లో పెద్దవాళ్ళు విసుక్కుంటే ఆ ఘట్టం తీసి వాళ్ళ చేతిలో పెట్టండి. మొదటిది నన్నయగారి తెనుగులోనూ, రెండోది తిక్కనగారి తెనుగులోనూ ఉన్నాయి. పద్యం కష్టమనిపిస్తే వచన భారతం చాలు.

గ్రీకుల 'ఒడిస్సీ'లో కూడా ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. ఒడిస్సియస్ 20 ఏళ్ళ తర్వాత ముష్టివాడి వేషంలో సొంత ఇంటికి వస్తాడు. వాకిట్లో ఎవరూ గుర్తుపట్టరు. పెంటకుప్ప మీద పడి ఉన్న అతని ముసలి కుక్క ఆర్గోస్ మాత్రం గుర్తుపడుతుంది. లేచే ఓపిక లేక తోక ఆడిస్తుంది. దగ్గరకు తీసుకుంటే అతని గుట్టు బయటపడుతుంది. అందుకని పక్కనున్నవాడికి కనబడకుండా కన్నీళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోతాడు. ఆర్గోస్ కళ్ళు మూస్తుంది. అంతటి వీరుడే కుక్క కోసం చాటుగా కళ్ళు తుడుచుకుంటే, మనం కొంగుతో తుడుచుకోవడానికి సిగ్గుపడాలా చెప్పండి?

హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినవారు మీలో చాలామందే ఉంటారు. ఆ హిందీని ఇప్పుడు బయటికి తీయండి. జ్ఞానపీఠం అందుకున్న మహాదేవి వర్మ 'మేరా పరివార్' అని ఒక పుస్తకం రాశారు. 'నా కుటుంబం' అని పేరుపెట్టి ఆవిడ రాసిందంతా తను పెంచిన ప్రాణుల గురించే. కుక్క, నెమలి, ఆవు, కుందేలు, అన్నీ ఉన్నాయి. కాకులు పొడిచిన ఒక ఉడతపిల్లని తెచ్చి, గాయం తుడిచి మందు రాసి పెంచిన కథ 'గిల్లూ' మీ పిల్లల హిందీ వాచకంలో ఉన్నా ఉండవచ్చు. పోయే రాత్రి ఆ ఉడత ఆవిడ వేలు పట్టుకునే ఉంటుంది. దానికి ఇష్టమైన తీగ కిందే పాతిపెట్టారట. వాటిని 'నా కుటుంబం' అనడానికి ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు చూడండి!

బాధ భరించలేక డాక్టరు చేత ఇంజెక్షను ఇప్పించవలసి వచ్చినవారి దుఃఖం వేరు. "నేనే చంపుకున్నానా" అని రాత్రిళ్ళు నిద్ర పట్టదు. వారు ఇంగ్లండులో పశువుల డాక్టరుగా పనిచేసిన జేమ్స్ హెరియట్ పుస్తకాలు చదవాలి. 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' 1972లో వచ్చింది. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న ఒక ముసలాయనకి మిగిలింది కుక్క ఒక్కటే. నయంకాని వ్యాధి వచ్చిన ఆ కుక్కకి డాక్టరు నొప్పి తెలియకుండా ఆఖరి ఇంజెక్షను ఇస్తాడు. ఫీజు పుచ్చుకోడు. ఆ నాలుగు పేజీలూ చదివితే, అది చంపడం కాదు, ఆఖరి సేవ అని అర్థమవుతుంది. నవ్వించే కథలూ ఉన్నాయి అందులో. ట్రికీ అనే బొచ్చుకుక్కకి దాని యజమానురాలు కేకులూ మిఠాయిలూ పెట్టిపెట్టి జబ్బు తెప్పిస్తుంది. ఆ జబ్బుకి డాక్టరు చేసిన వైద్యం, రెండ్రోజులు తిండి పెట్టకపోవడం!

ఇంట్లో చిన్నపిల్లలుంటే "ఊరెళ్ళింది, వచ్చేస్తుంది" అని చెప్పకండి. ఎదురు చూస్తూ కూర్చుంటారు. జూడిత్ వియోర్స్ట్ 1971లో రాసిన ఒక చిన్న పుస్తకంలో పిల్లవాడి పిల్లి చచ్చిపోతుంది. దాని గురించి పది మంచి మాటలు ఆలోచించమంటుంది తల్లి. తొమ్మిదే తడతాయి. పిల్లి మట్టిలో కలిసి పువ్వులు పూయిస్తోందన్నది పదోది. మీరూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక నోటుపుస్తకంలో పది మాటలు రాయించండి. ఆ పుస్తకం పారెయ్యకుండా దాచండి.

ఇంకో నాలుగు మాటలు. మొదటి వారంలో అక్షరం తలకెక్కకపోతే కంగారుపడకండి, రోజుకి రెండు పేజీలు చాలు. సాయంత్రం అది గొలుసు లాక్కుంటూ షికారుకి బయల్దేరే వేళ ఉంటుందే, సరిగ్గా ఆ వేళకే పుస్తకం పట్టుకోండి. కళ్ళు నొప్పిగా ఉంటే పిల్లల చేత చదివించుకోండి. దాని గిన్నె, బెల్టు ఎవరో తొందరపెట్టారని తీసెయ్యకండి. మీకు తీయాలనిపించిన రోజున తీయవచ్చు. వెంటనే ఇంకో కుక్కపిల్లని తేవద్దు. పోయినదానితో పోల్చుకుని, వచ్చిన పసిదాన్ని విసుక్కుంటాం. వారాలు గడిచినా తిండీ నిద్రా లేకపోతే మాత్రం పుస్తకాలతో సరిపెట్టుకోక డాక్టరుకి చూపించుకోండి.

ఈసారి మీ వీధిలో ఎవరింట్లోనైనా కుక్క పోయిందని తెలిస్తే, ఆ సాయంత్రం పని ముగించుకుని పలకరింపుకి వెళ్ళండి. ఇంకోటి తెచ్చుకోమనకండి. దాని పేరేమిటి, ఎన్నేళ్ళు ఉంది అని అడగండి. వచ్చేటప్పుడు మీరు చదివిన పుస్తకం ఒకటి ఆవిడ చేతిలో పెట్టి రండి.