180 గంటలు ఎవరి ఖాతాలోకి?

ఎండాకాలం సెలవులిస్తే చాలు, రాజమండ్రి, కాకినాడ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల పిల్లలు సర్వే ఫారాలు, లాగ్‌బుక్కు పట్టుకుని ఊళ్లకు బయల్దేరతారు. దీని పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 2020-21లో డిగ్రీ పాఠ్యక్రమాన్ని మార్చినప్పుడు రాష్ట్ర ఉన్నత విద్యామండలి దీన్ని తప్పనిసరి చేసింది. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద చదివే మన కోయ, కొండరెడ్డి పిల్లలూ ఇది చేయాల్సిందే.

ఆలోచన మంచిదే. పేచీ అక్కడ కాదు. రకరకాల సబ్జెక్టుల పిల్లలు కలిసి ఒక ఊరి నిజమైన సమస్య పట్టుకోవాలని చెబుతారు గానీ, జరిగేది వేరు. బీకాం అబ్బాయి ఆదాయం అడుగుతాడు, బోటనీ అమ్మాయి చెట్లు లెక్కపెడుతుంది, కంప్యూటర్స్ వాళ్లు ఫోటోలు తీస్తారు. ఎవరి రిపోర్టు వాళ్లది. ఊరికి మాత్రం ఆ కాగితం మళ్లీ కనబడదు.

2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్‌లోనూ అంతే. కాలేజీలు ఊళ్లను 'దత్తత' తీసుకుంటాయట. తల్లీతండ్రీ బతికున్న ఊరికి దత్తతేంటండీ?

సరే, నిజంగా పది చేతులు కలవాల్సిన పని ఎలా ఉంటుందో చూద్దాం. పోలవరం ముంపు మండలాల్లో '41.15' అంటే ఏంటో బడి మొహం చూడని ముసలమ్మ కూడా చెబుతుంది. మొదటి దశలో నీళ్లు నిలిపే మట్టం 41.15 మీటర్లు. పూర్తి మట్టం 45.72. మొదటి గీత లోపలున్న ఊళ్లకు పరిహారం, పునరావాసం ముందు. బయటున్న ఊళ్లకు 'తర్వాత'. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరి చూపింది. గీత బయట అని రాసిపెట్టిన ఊళ్లలోకీ నీళ్లొచ్చాయి. మళ్లీ సర్వే చేయండి, మమ్మల్నీ మొదటి దశలో కలపండి అని జనం రోడ్డెక్కారు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. వరద మట్టం, రిజర్వాయరు మట్టం ఒకటి కావు. ఏరు పారుతున్నప్పుడు నీళ్లు పైకి వాలుగా ఉంటాయి, నిలిచినప్పుడు వేరుగా ఉంటాయి, డ్యామ్ కట్టాక వరదొస్తే వెనక్కి ఎగదన్నే నీళ్ల లెక్క ఇంకోటి. ఈ తేడా తెలిసిన సివిల్ ఇంజినీరింగ్ పిల్లాడు పక్కన లేకపోతే మన అర్జీని ఆఫీసులో ఒక్క నిమిషంలో పక్కన పడేస్తారు. అతనొక్కడే ఉన్నా చాలదు. గోడ మీద నీటి మరక ఎంతవరకు వచ్చిందో చూపించేది ఆ ఇంటావిడ. 1986 వరదకీ (అప్పుడు భద్రాచలంలో 75.6 అడుగులు) దీనికీ తేడా చెప్పగలిగేది ఊరి పెద్దలు. ఆ మాటల్ని రాసిపెట్టేవాళ్లు, మునిగిన ఇళ్ల జాబితా లెక్క తప్పకుండా కట్టేవాళ్లు, చట్టం తెలిసి అర్జీ రాసేవాళ్లు ఒక్కచోట కూర్చోవాలి.

ముంపులో లేని ఊళ్లకి ఇంకో పని. మారేడుమిల్లి, వై.రామవరం కొండల్లో సామాజిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామసభ ఫారం-సి పెట్టుకోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2012లో సవరించిన నియమాల ప్రకారం. దానికి సాక్ష్యాలేంటో నియమాల్లోనే ఉంది: దుంపలు, కాయలు ఏరుకునే చోట్లు, పశువులు మేసే చోట్లు, చేపలు పట్టే తావులు, నీటి ఊటలు, దేవుడి చెట్లు, శ్మశానాలు. పెద్దల వాంగ్మూలం రాయించినా సాక్ష్యమే. ఒకటికి మించి సాక్ష్యాలు ఉండాలి. చూశారా, బోటనీ, జియాలజీ, చరిత్ర, తెలుగు, మ్యాపు గీసేవాళ్లు అందరికీ ఇందులో పని ఉంది. ఆ ఫారం పెట్టడానికి 180 గంటలు వాడితే ఆ ఊరు దాన్ని తరాలపాటు వాడుకుంటుంది.

ఇక టీముల్లో మన పిల్లల స్థానం. ఆదివాసీ విద్యార్థి ఉంటే అతనికి దారి చూపించే పని, కోయ మాటని తెలుగులో చెప్పే పని, రాత్రికి భోజనం ఏర్పాటు చేసే పని అప్పజెబుతారు. రిపోర్టులో 'సహకరించినవారు' అని ఒక లైను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ఒప్పుకోకండి. ప్రశ్న ఏంటో తేల్చే దగ్గరే మీరు కూర్చోవాలి. "నీ సబ్జెక్టులోనే చెయ్యి" అని మెంటర్‌గారు అంటే, అన్ని రంగాలూ కలిపి సర్వే చేయొచ్చని మండలి మార్గదర్శకాల్లోనే ఉందని మర్యాదగా చూపించండి.

డెల్టా నుంచి వచ్చే మిత్రులకూ రెండు మాటలు. ధవళేశ్వరం కింద 10 లక్షల ఎకరాలు తడిపే నీళ్లు ఈ కొండల మధ్య నుంచే వస్తున్నాయి, కాబట్టి ఇది మీకు పరాయి ఊరేం కాదు. కానీ సర్పంచ్‌ని కలిసి ఫోటో దిగితే అనుమతి వచ్చేసినట్టు కాదు, గ్రామసభని అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లంతా తునికాకు కోతకి పోతుంది. పొద్దున పదింటికి వచ్చి "ఊళ్లో ఎవరూ సహకరించలేదు" అని రాసుకుంటే ఎట్లా? మందుమొక్కల గురించి పెద్దలు చెప్పింది రాసుకునే ముందు చట్టంలోని సెక్షన్ 3(1)(కె) చదవండి. ఆ జ్ఞానం మీద హక్కు ఊరి సమాజానిది.

పని అయ్యాక కాలేజీకి ఒక కాపీ, ఊరి అటవీ హక్కుల కమిటీకి ఒక కాపీ, మ్యాపుతో సహా. కాలేజీలో వైవా ఉన్నట్టే, వైవాకి ముందు గ్రామసభలో ఒక పూట కూర్చుని ఆ రిపోర్టు చదివి వినిపించండి, కోయ ఊళ్లలో కోయలోనే. తప్పు రాసిన చోట జనమే ఆపి చెబుతారు. సరిచేసుకుని అప్పుడు కాలేజీకి ఇవ్వండి.